గుండీల సంగతి కూడా రాయండి

సంపాదకులకు,

నాకు పార్కిన్సన్స్ ఉంది, అంటే చేతులు వణికి కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు. అందుకే ఆ జబ్బు గురించి పత్రికల్లో ఏం వచ్చినా వదలను. కదలికలకు కావాల్సిన డోపమిన్ అనే మెదడు రసాయనం ఎందుకు తగ్గుతుందో, ఆ లోటు తీర్చే లెవోడోపా మందు ఎలా పనిచేస్తుందో, మెదడులో ఎలక్ట్రోడ్లు ఎలా అమరుస్తారో చక్కగా రాస్తారు. పొద్దున లేచి చొక్కా గుండీలు ఎలా పెట్టుకోవాలో మాత్రం ఎవరూ రాయరు!

గుండీలకు ఒక కొక్కెం దొరుకుతుంది. లావుపాటి పిడి, దాని చివర తీగ మెలిక. మెలికను కాజాలోంచి దూర్చి, గుండీకి తగిలించి లాగితే సరి. అదీ కుదరనివాళ్లు గుండీల వెనక వెల్‌క్రో కుట్టించుకోవచ్చు. రాత్రి పక్క మీద ఒత్తిగిలడానికి నడుము కింద శాటిన్ గుడ్డ వేసుకుంటాను. మంచమంతా పరిస్తే మడమలకు పట్టు దొరకదు, నడుము దగ్గర చాలు. బరువు చెంచాలు మాత్రం అందరికీ పనికిరావు. కొందరికి వణుకు తగ్గుతుంది, నాకు చెయ్యి లాగేసింది. వాడి చూశాకే కొనాలి.

అన్నిటికన్నా ఇబ్బంది, గుమ్మం దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోవడం. అప్పుడు పక్కనున్నవాళ్లు ప్రేమకొద్దీ చెయ్యి పట్టి లాగుతారు. దయచేసి లాగకండి, పడిపోతాం. నేల మీద అడ్డంగా రంగు టేపు చారలు అంటిస్తే వాటిని దాటాలనుకోగానే చాలామందికి కాలు కదులుతుంది. ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టినా కదలొచ్చు. వాకర్ కొనేటప్పుడూ జాగ్రత్త. చక్రాల్లేనిదాన్ని అడుగడుగునా ఎత్తిపెట్టాలి, అది మాలాంటి వాళ్లకు కష్టం. చక్రాలుంటే ముందుకు పరుగెత్తకుండా బ్రేకులుండాలి. ఏది నప్పుతుందో ఫిజియోథెరపిస్టు మన నడక చూసి చెప్పాలి గానీ అమ్మేవాళ్లు కాదు.

ఈ ఉత్తరం నేను చెబుతుంటే మా అమ్మాయి రాసింది. నా రాత చీమ తలకాయంత అయిపోయింది. లావు పెన్ను, గీతల కాగితం ఉంటే సంతకం వరకు నెట్టుకొస్తాను.

డాక్టర్లకు నా విన్నపం ఒకటే: మందుల చీటీతో పాటు, రోజువారీ పనులు సొంతంగా చేసుకునే తీరు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టును కలవమని కూడా రాయండి. ఇలాంటివాళ్లు ఉంటారని నాకు చాలాకాలం ఎవరూ చెప్పలేదు. మీ ఆరోగ్యం పేజీలో ఈ వస్తువుల బొమ్మలు వేసి, వాడే తీరు రాయించండి. అక్షరాలు కాస్త పెద్దవిగా వేస్తే మరీ మంచిది.

- ఒక పాఠకుడు