మంత్రి గారూ, ఒక్క కుర్చీ ఇప్పించండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

బీపీ కిట్ల సంగతి మీకు నేను చెప్పేదేముంది. గోలీలు వస్తున్నాయి, నెలకు సరిపడా ఇస్తున్నాం, రిజిస్టర్‌లో రాస్తున్నాం. ఆ గోలీ ఎందుకో, ఎన్నాళ్లు వేసుకోవాలో చెప్పే తీరిక మాత్రం ఏ కిట్‌లోనూ రావడం లేదు.

నేను హైదరాబాద్‌లో ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్ట్‌ని. ఇనుప జాలీ వెనకాల ఉంటాను. చెయ్యి పట్టేంత సందు. అందులోంచి "పొద్దున ఒకటి" అని అరుస్తుంటే, లైన్లో వెనకాయన "జల్దీ కానియ్" అంటాడు.

పోయిన నెల ఒక పెద్దమ్మ వచ్చింది. బీపీ 190 దాటింది. గోలీలు వేసుకుంటున్నావా అమ్మా అంటే, సంచిలోంచి రెండు నెలల స్ట్రిప్పులు తీసింది. ఒక్కటి కూడా చింపలేదు. కంపెనీ మారితే గోలీ రంగు మారింది. "ఇవి నావి గావు బిడ్డా, ఎవరియో ఇచ్చిన్రనుకున్న" అంది. అదే మందు, అదే పవర్. రంగు మారినా మందు మారలేదని చెప్పడానికి అర నిమిషం చాలు. ఇచ్చిన రోజు నాకు ఆ అర నిమిషం దొరకలేదు. తప్పు నాదే అనుకోండి, రాసుకోండి.

ఇంకొకాయన అమ్లోడిపిన్ అనే బీపీ గోలీతో కాళ్లు వాచాయని తనంతట తనే మానేశాడు. డాక్టర్‌తో చెబితే మందు మార్చేవారు కదా. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనేవాళ్లయితే రోజూ ఉంటారు. ఉప్పు సంగతి ఎత్తితే "కూరలో తగ్గించిన సార్" అంటారు. ఆవకాయా, అప్పడమూ వాళ్ల లెక్కలోకి రావు. రోజంతటికీ 5 గ్రాములు దాటకూడదు, అంటే చిన్న చెంచాడు, అందులో పచ్చడి ఉప్పు కూడా కలిసే ఉంటుందని జాలీలోంచి అరిచి చెప్పమంటారా?

రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్ట్ బాధ్యత అని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లోనే ఉంది. నిరుడు తనిఖీకి వచ్చిన అధికారి కూడా అదే చెప్పి, చిన్న బల్ల, రెండు కుర్చీలు, రిజిస్టర్ రాయడానికి ఒక మనిషిని పదిహేను రోజుల్లో పంపిస్తామన్నారు. ఫొటో కూడా దిగారు. తర్వాత వచ్చింది మే 17కి ప్రపంచ రక్తపోటు దినం బ్యానర్. కట్టడానికి వేరే చోటు లేక నా కిటికీకే కట్టారు. అందులో రోగి కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు సార్.

మూడు అర్జీలు పెట్టాను. మూడోదానికి రసీదు కూడా ఇవ్వలేదు. కొత్త బిల్డింగ్ అడగడం లేదు. ఆ బల్ల, ఆ కుర్చీలు, రాసే మనిషి. మనిషి కుదరకపోతే కుర్చీలైనా. రెండు కుదరకపోతే ఒక్కటైనా, నేను నిలబడే చెబుతాను.

పెద్దమ్మ వచ్చే 20న మళ్లీ గోలీలకు వస్తుంది. ఈసారి గోలీ రంగు మళ్లీ మారింది.

ఇట్లు,
జాలీ వెనకాల ఒక ఫార్మసిస్ట్,
హైదరాబాద్