మహద్ చెరువు, మన వీధి కాలువ

నరసన్నపేట

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

సగంలో ఆగిన మన వీధి కాలువ కోసం దసరా సెలవుల్లో పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుంటానన్నావు. అంబేద్కర్ గారి పేరు ఎత్తావు కాబట్టి మహారాష్ట్రలోని మహద్ ఊళ్లో ఆయన చేసినదంతా చూడు.

ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులూ చెరువులూ అందరివీ అని 1923లో బొంబాయి శాసన మండలి తీర్మానించింది. మరుసటి ఏడు మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరిచింది. అయినా దళితులు అటు అడుగు పెట్టలేని పరిస్థితే. 1927 మార్చి 20న ఆయన జనంతో కలిసి నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. తర్వాత అగ్రకులాల వాళ్లు ఆ జనాన్ని చావగొట్టారు. డిసెంబరులో మళ్లీ వేలమంది చేరేసరికి, అవతలివాళ్లు చెరువు ప్రైవేటుదని కోర్టుకెళ్లి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చారు. అంతమందినీ ఆయన ఆపేశారు. నీళ్లు తాగడం కంటే దీనికే ఎక్కువ గుండె కావాలని నా అభిప్రాయం. ఆ తర్వాత దాదాపు పదేళ్లు కేసు నడిపారు. చెరువు మునిసిపాలిటీదేననీ, రానివ్వని ఆచారం అనాదిగా ఉందన్నది రుజువు కాలేదనీ 1937లో బొంబాయి హైకోర్టు తేల్చింది.

రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు సత్యాగ్రహాలకు సమర్థన లేదని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అన్నది కూడా ఆయనే. నేను పూర్తిగా ఒప్పుకోను, ఎంత తట్టినా పలకని ఆఫీసులు బోలెడు. కానీ ముందు తట్టాలి కదా.

సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) కింద, పంచాయతీలోని పౌర సమాచార అధికారి పేరిట తెల్లకాగితం మీద తెలుగులోనే రాయి. మన రాష్ట్రంలో గ్రామస్థాయికి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. 'కాలువ ఎందుకు ఆపారు' అని మాత్రం రాయకు. ఇచ్చేది ఆఫీసులో ఉన్న రికార్డే గానీ సంజాయిషీ కాదు. చాలా దరఖాస్తులు అక్కడే తేలిపోతాయి. ఎస్టిమేటు, పని అప్పగించిన ఉత్తర్వు, ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలు, బిల్లుల వోచర్లు, వీటి సర్టిఫైడ్ నకళ్లు కావాలని అడుగు. వీధి పేరు, ఆర్థిక సంవత్సరం లేకపోతే 'ఏ పనో తెలియలేదు' అని తిప్పి కొడతారు. ఎం-బుక్ మండలంలో ఉందంటే, సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో వాళ్లే అక్కడికి పంపాలి.

అసలు కిటుకు ఎం-బుక్‌లోనే. ఇంజినీరు కొలిచిన పొడవు, వెడల్పు, లోతు అందులో ఉంటాయి, బిల్లు లేచేది వాటి మీదే. నకలు వచ్చాక ఇద్దరు సాక్షుల్ని పెట్టుకుని నువ్వే టేపుతో కొలువు. పుస్తకంలో 60 మీటర్లుండి టేపుకి 42 వస్తే ఇక అరవక్కర్లేదు. కాంక్రీటు మందం, పని ఆగిపోయిన అంచు దగ్గర తెలుస్తుంది. తుఫాను వానలు పట్టుకుంటే పూడిక చేరి లోతు తేలదు, అందుకే రాగానే కొలిచెయ్యి.

హాస్టల్ నుంచి పంపుతావు కాబట్టి స్పీడ్ పోస్టు, అందినట్టు రుజువుతో. ఆ రుజువు పారేస్తే గడువు లెక్క పోతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. అక్కడా న్యాయం దొరక్కపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండోది.

సెప్టెంబరులో నీకు 18 నిండుతాయి, అక్టోబరు 1 తేదీకి ఓటరుగా అర్హురాలివి. ఓటరు నమోదుకిచ్చే ఫారం 6లో మన ఊరి చిరునామానే ఇవ్వు. ఊరి జాబితాలో పేరుంటేనే గ్రామసభలో సభ్యురాలివి. సభలో ఎం-బుక్ అంకె, నీ కొలత రెండూ చదివి మినిట్స్‌లో రాయించు. హాజరు కోసమంటూ ఖాళీ పేజీ కింద సంతకం అడుగుతారు, పెట్టకు. పైన రాసింది చదివాకే పెట్టు.

ఎస్టిమేటులో అర్థంకాని పద్దులుంటే ఫొటో తీసి పంపు. ఇదంతా అయ్యాకా ఎవరూ కదలకపోతే కూర్చుందాం, నేనూ వస్తాను.

మీ నాన్న