బెత్తం మళ్లీ కావాలనేవాళ్లకు

సంపాదకుడు గారికి,

బడిలో బెత్తం పోయింది కాబట్టే పిల్లలు మాట వినడం లేదంటూ గత వారం మీరు వేసిన వ్యాసం చదివి ఊరుకోలేక రాస్తున్నాను. పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2010 నుంచి అమల్లో ఉంది. చట్టం మాట అలా ఉంచినా, దండన ఎప్పుడు పనిచేస్తుందో రాసినవారు ఆలోచించలేదు.

శిక్ష తప్పు చేసిన క్షణంలోనే పడాలి, చేసిన ప్రతిసారీ పడాలి. యాభై మంది ఉన్న తరగతిలో అది ఏ మాస్టారి తరం? పది అల్లరిపనుల్లో ఒకటి కంటపడుతుంది, దానికి మర్నాడు ప్రార్థన దగ్గర దెబ్బలు. దాంతో పిల్లవాడు నేర్చుకునేది దొరక్కుండా అల్లరి చేయడమే. అమెరికన్ మనస్తత్వవేత్త స్కిన్నర్ 1938లో ప్రచురించిన ప్రయోగం చూడండి. మీట నొక్కితే తిండి వస్తుందని ఎలుక అప్పటికే నేర్చుకుంది. తిండి రావడం ఆపేశాక ఎలుక మీట నొక్కితే పాదం మీద దెబ్బ పడేది. కాసేపు నొక్కడం తగ్గింది. దెబ్బలు ఆగాక మళ్లీ నొక్కుతూ, చివరికి దెబ్బ తినని ఎలుకలతో సమానంగా నొక్కింది.

లెక్కల పీరియడ్‌లో అల్లరి చేసినవాణ్ణి బయట నిలబెట్టడం ఇంకా తప్పు. లెక్కలంటే హడలిపోయే పిల్లవాడికి అది విడుదల. రేపు ఇంకాస్త ముందే అల్లరి మొదలెడతాడు. మనం శిక్ష అనుకుంటున్నది అక్కడ రుణ పునర్బలనంగా, అంటే ఇబ్బందిని తప్పించి ఆ పనినే మళ్లీ చేయించేదిగా పనిచేస్తోంది.

చేయాల్సింది వేరు. ముందు నాలుగైదు రోజులు ఏమీ మార్చకుండా రాసుకోవాలి: ఎప్పుడు లేచి అరిచాడు, అంతకుముందు ఏం జరిగింది, అరిచాక ఏం దక్కింది? మాస్టారి చూపా, పక్కవాళ్ల నవ్వా, పాఠం తప్పడమా? కావలసింది మాస్టారి చూపే అయితే అరుపును పట్టించుకోకుండా, చెయ్యెత్తిన మరుక్షణమే "చెయ్యెత్తి అడిగావు, చెప్పు" అనాలి. మొదట్లో ప్రతిసారీ, కుదురుకున్నాక రెండు మూడుసార్లకొకసారి. మొదటి రోజుల్లో అరుపు పెరగవచ్చు. చాలామంది అక్కడే ఓపిక పోగొట్టుకుని "ఏంట్రా!" అంటారు. ఇంకా గట్టిగా అరిస్తే పనవుతుందని అప్పుడు వాడికి నేర్పినట్టే. పక్కవాణ్ణి కొడుతుంటే మాత్రం వెంటనే ఆపాల్సిందే, అది చూసీ చూడనట్టు వదిలేసేది కాదు. స్టార్లు ఇచ్చే పద్ధతి పెడితే, ఇచ్చినవన్నీ లాగేసుకోకూడదు. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని పిల్లవాడు ఆ పూటంతా ఎవరి మాటా వినడు.

ఇదంతా మన టీచర్లకు తెలియదా? టెట్‌కు, డీఎస్సీకి బిట్లుగా బట్టీపట్టారు. ఉద్యోగం వచ్చాక శిక్షణ పేరుతో కూర్చోబెట్టి, స్లైడ్లు చూపించి, హాజరు సంతకం పెట్టించి, ఫొటో తీసి పంపేస్తున్నారు. తరగతి గదిలోకి వచ్చి చేసి చూపించేవారే లేరు. యాప్‌లలో ఫొటోలు ఎక్కించడానికి పోయే సమయంలో సగమైనా పిల్లల్ని గమనించి రాసుకోవడానికి టీచర్లకు మిగల్చమని విద్యాశాఖ అధికారులను మీ పత్రిక గట్టిగా అడగాలి.

– మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు, హనుమకొండ