పేరు మసకబరిస్తే సరిపోదు: ప్రధాన సంపాదకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

సామాన్యుల సోషల్ మీడియా పోస్టులను అడగకుండా వార్తల్లో వాడొద్దన్న మా విన్నపాలకు జవాబు రాలేదు కనుక ఇలా అందరి ముందూ రాస్తున్నాం.

పోస్టును స్క్రీన్‌షాట్ తీసి, పేరు మసకబరిచి వేసినంత మాత్రాన మనిషి దాగడు. అందులోని ఒక్క వాక్యాన్ని ఉన్నదున్నట్టు సెర్చ్‌లో కొడితే చాలు, చాలాసార్లు ఖాతా దొరికిపోతుంది. ఆ రాత్రికే ఇన్‌బాక్స్ తిట్లతో నిండుతుంది. భయపడి పోస్టు తొలగించినా మీ స్క్రీన్‌షాట్ ఉండిపోతుంది.

పదవుల్లో ఉన్నవారి ప్రకటనల సంగతి వేరు. దుఃఖంలో నలుగురు స్నేహితుల కోసం రాసుకున్న మాటలు పబ్లిక్ సెట్టింగ్‌లో ఉన్నాయని ప్రకటనలైపోవు.

సామాన్యుల పోస్టు వాడేముందు, ఏ కథనంలోనో చెప్పి, రాతపూర్వక అనుమతి తీసుకోండి. మౌనాన్ని సమ్మతిగా లెక్కించకండి. ఫొటో అయితే తీసినవారినీ, అందులో ఉన్నవారినీ విడివిడిగా అడగాలి. తొలగించమంటే ఎవరు, ఎన్ని గంటల్లో స్పందిస్తారో ప్రతి కథనం కిందా ముద్రించండి.

భవదీయులు,
వార్తల ధ్రువీకరణ పనిలో ఉన్న కొందరం