మెండొసీనో కెల్ప్ పని: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. బే ఏరియాలో ఉంటూ డైవింగ్ నేర్చుకున్న మన తెలుగువాళ్లం కలిసి పెట్టుకున్న ఈ చిన్న సంఘం తరఫున, ఈ ఏడాది ఏం చేశామో, వచ్చే ఏడాది ఏం చేయబోతున్నామో రాస్తున్నాను. ముందు అసలు విషయం చెప్పేస్తాను. కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచును మేసేసే అర్చిన్లను (ముళ్ల బంతుల్లాంటి సముద్ర జీవులు) లెక్కపెట్టి, పగలగొట్టి తగ్గించి, కెల్ప్ మళ్లీ పెరిగేలా చేయడమే మన పని. ఇకనుంచి మెండొసీనో తీరంలో మనం ఒక్క చోటే పనిచేస్తాం. ఇదివరకు ఏ వారాంతం ఎక్కడ అల తక్కువగా ఉంటే అక్కడికి వెళ్లిపోయేవాళ్లం, ఆ పద్ధతి మానేయాలని కార్యవర్గం నిర్ణయించింది. కొందరికి ఇది నచ్చలేదు, ఫోన్ చేసి గట్టిగానే అడిగారు. అడగడం న్యాయమే, అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం దాని కారణాలే ఉంటాయి.

కొత్తగా చేరినవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. ఉత్తర కాలిఫోర్నియా తీరంలో పెరిగేది బుల్ కెల్ప్. అడుగున రాయిని పట్టుకుని మొదలై, ఒక్క వేసవిలోనే పది మీటర్లు దాటి నీటిపైకి వచ్చేస్తుంది. 2013లో సముద్ర నక్షత్రాలకు ఒక రోగం పట్టుకుంది, చేతులు ఊడిపోయి ఒళ్లంతా కరిగిపోయే రోగం. ఊదారంగు అర్చిన్లను తినే సన్‌ఫ్లవర్ సీ స్టార్ అనే పెద్ద నక్షత్రం దాంతో ఈ తీరంలో దాదాపు కనబడకుండా పోయింది. అర్చిన్లను తినే సీ ఆటర్లు (సముద్రపు నీటికుక్కలు) దక్షిణాన మాంటెరే వైపు ఉన్నాయి గానీ మెండొసీనోలో లేవు, కాబట్టి వాటిని అదుపులో పెట్టే జీవి ఇక్కడ మిగల్లేదు. ఆ వెంటనే 2014 నుంచి 2016 దాకా సముద్రం వేడెక్కి కెల్ప్ నీరసించింది, అర్చిన్లు రాళ్ల పగుళ్లలోంచి బయటికొచ్చి మిగిలిందంతా మేసేశాయి. 350 కిలోమీటర్ల పైచిలుకు తీరంలో 95 శాతం కంటే ఎక్కువ కెల్ప్ పోయింది. తిండిలేక రెడ్ అబలోన్ అనే పెద్ద సముద్రపు నత్తలు చచ్చిపోయాయి, 2018 నుంచి వాటి వేటే మూసేశారు. ఒకప్పుడు అబలోన్ సీజన్ మీద బతికిన ఊళ్లివి. మనం వెళ్లి తిని పడుకుని వచ్చే చిన్న హోటళ్లవాళ్లకి ఈ పని మన సరదా కాదు, వాళ్ల బతుకు సంగతి.

ఇక ఈ ఏడాది పని. వసంతంలో వాయవ్య గాలి వీస్తుంది, అడుగునుంచి చల్లటి నీరు పైకి తేలుతుంది, కెల్ప్‌కి అదే కావాలి గానీ డైవర్‌కి ఆ అలల్లో దిగడం కష్టం. ఆ నెలలు స్విమ్మింగ్ పూల్లో ట్రైనింగ్‌కీ, జాతులు గుర్తుపట్టడం నేర్చుకోవడానికీ పెట్టుకున్నాం. వేసవి చివర్నుంచి శరదృతువు దాకా నీళ్లలో పని. 2006 నుంచి ఈ రాష్ట్రమంతా వాలంటీర్ డైవర్లతో లెక్కలు తీయిస్తున్న రీఫ్ చెక్ అనే సంస్థ పద్ధతినే మనమూ నేర్చుకున్నాం. అడుగున ముప్పై మీటర్ల టేపు పరుస్తాం, దాని వెంట రెండు మీటర్ల వెడల్పులో కనబడిన ప్రతి అర్చిన్, ప్రతి నక్షత్రం, ప్రతి కెల్ప్ కాడ పలక మీద పెన్సిల్‌తో రాసుకుంటూ పోతాం. టార్చి వేసి పగుళ్లలోకి కూడా చూడాలి, ఎక్కువ దాక్కునేది అక్కడే. నీరు పదీ పన్నెండు డిగ్రీలుంటుంది, కాసేపటికి వేళ్లు మొద్దుబారతాయి, అలకి ఒళ్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంటే టేపు మీద చూపు నిలపాలి. లెక్కపెట్టడం బోర్ అనీ, అర్చిన్లు పగలగొట్టే పనికే పిలవమనీ కొందరు అంటున్నారు. నేను దీనికి ఒప్పుకోను. ముందు ఎన్ని ఉన్నాయో, తర్వాత ఎన్ని మిగిలాయో తెలియకపోతే మనం చేసింది పనో కాదో ఎవరికీ తెలియదు. ఎన్ని పగలగొట్టామనే అంకె ఈ నివేదికలో అందుకే పెట్టలేదు. చదరపు మీటరుకి ఎన్ని మిగిలాయన్నదే లెక్క. దాన్ని రెండుకి దించాలన్నది లక్ష్యం.

ఈసారి కొత్త సభ్యులకి రెండు అర్చిన్లను కోసి చూపించాం. కెల్ప్ ఉన్న చోటు నుంచి తెచ్చినదాంట్లో ఐదు నారింజరంగు తొనలు నిండుగా ఉన్నాయి, జపాన్ హోటళ్లలో ఉని అని పెట్టేది దాన్నే. బోడిరాళ్ల మీద నుంచి తెచ్చినదాంట్లో పెంకుకి అంటుకున్న సన్నటి గోధుమరంగు గీతలు తప్ప ఏమీ లేవు. అయినా అది బతికే ఉంది. తిండి లేకపోయినా ఒంటి ఖర్చు తగ్గించుకుని అలా ఏళ్లకేళ్లు ఉండగలవు. ఖాళీ అర్చిన్ కొనేవాడు లేడు, మాంటెరేలో సీ ఆటర్లు కూడా లోపల తొనలు నిండుగా ఉన్నవాటినే ఏరుకుని తింటాయి. వాటంతట అవే చస్తాయిలే అని కూర్చోవడానికి వీల్లేదు.

ఒక్కచోటే ఎందుకంటే ఇందుకే. చుట్టుపక్కల బోడిరాళ్ల మీద ఆకలితో ఉన్న అర్చిన్లు, శుభ్రం చేసిన చోటికి మెల్లగా పాక్కుంటూ వచ్చేస్తాయి. చేలో కలుపు ఒకసారి తీసి వదిలేస్తే ఏమవుతుందో అదే అవుతుంది. పైగా బుల్ కెల్ప్‌ది చాలావరకు ఏడాది బతుకే. వేసవి చివర్లో దాని పొడవాటి ఆకుల మీద ముదురురంగు మచ్చలు కడతాయి, విత్తనాల్లాంటి బీజాలు ఉండేది వాటిలోనే. ఆ మచ్చలు ఆకు నుంచి ఊడి అడుగుకి జారిపోతాయి, ఆకులో మచ్చ ఆకారంలో కన్నం మిగులుతుంది. ఈ సెప్టెంబర్లో నీళ్లలో ఉన్నవాళ్లు కళ్లారా చూశారు. ఆ బీజాలు పడేనాటికి కింద రాయి ఖాళీగా ఉండాలి, చలికాలమంతా ఖాళీగానే ఉండాలి, అప్పుడే వసంతంలో మొలకలు నిలుస్తాయి. నాలుగు చోట్ల తలా రెండు రోజులు చేస్తే ఇది జరగదు. 2020 నుంచి మెండొసీనో తీరంలోనే ఉన్న నోయో బేలో వ్యాపార అర్చిన్ డైవర్లకి డబ్బిచ్చి పని చేయించినప్పుడు కూడా అదే చోటుకి మళ్లీ మళ్లీ వెళ్లారు, వాళ్లకి పడవలున్నాయి, పని అనుభవం ఉంది. మనకి ఉన్నవి వారాంతాలే.

ఈ ఆగస్టులో వచ్చిన వార్త మీరంతా చూసే ఉంటారు. నక్షత్రాల రోగానికి కారణం విబ్రియో పెక్టెనిసిడా అనే బ్యాక్టీరియా అని తేల్చారు, పన్నెండేళ్ల తర్వాత. సన్‌ఫ్లవర్ సీ స్టార్లను ల్యాబుల్లో, అక్వేరియంలలో పెంచేవాళ్లకి ఇక రోగాన్ని పరీక్షించి చూసుకునే దారి దొరికింది. ఆ వార్త చదివి నాకు నిజంగా సంతోషమేసింది. అవి మళ్లీ సముద్రంలోకి వచ్చి అర్చిన్లను అదుపులో పెట్టేదాకా కొన్ని కెల్ప్ గుంపులైనా బతికుండాలి, లేకపోతే బీజం ఎక్కడినుంచి వస్తుంది? మన పని అంతవరకే, అది చిన్న పనేమీ కాదు.

ఒక హెచ్చరిక. అనుమతి ఉన్న చోట తప్ప ఎక్కడా అర్చిన్‌ని పగలగొట్టకండి. 2021లో మాంటెరే టాంకర్స్ రీఫ్‌లో ఇచ్చిన అనుమతి ఆ చోటుకే, తీరం మొత్తానికి కాదు. ఫిషింగ్ లైసెన్స్ లేకుండా మన జట్టుతో ఎవరూ దిగరు.

డబ్బులో ఎక్కువ భాగం ప్రమాదం జరిగితే వాడే ఆక్సిజన్ కిట్‌కీ, సిలిండర్లలో గాలి నింపించే ఎయిర్ ఫిల్స్‌కీ పోయింది, పూర్తి లెక్క కోశాధికారి గారు విడిగా పంపారు. కిట్ మీద ఖర్చు ఎక్కువైందన్నవాళ్లకి ఒకటే మాట, ఆ తీరం నుంచి పెద్దాసుపత్రికి గంటల ప్రయాణం. అల ఎక్కువుందని డైవ్ లీడర్ అక్క ఆపేస్తే అది ఆఖరి మాట, ఎంత దూరం కారు నడిపి వచ్చినా సరే. వచ్చే సీజన్‌కి పలక పట్టుకుని లెక్క రాసేవాళ్లు కావాలి, నీళ్లలో దిగనివాళ్లు ఒడ్డున ఉండి డేటా ఎక్కించడానికీ కావాలి. దిగాలనుకునేవాళ్లు డాక్టర్ సంతకంతో మెడికల్ ఫారం ఫిబ్రవరి నెలాఖరులోపు పంపండి, మార్చిలో పూల్ ట్రైనింగ్ మొదలవుతుంది.