వ్యర్థాల శుద్ధి సంగతి సరే, వాటిని పుట్టించడం ఎప్పుడు ఆపుతారు?

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో, పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలకు మరో శుద్ధి ప్లాంటు వస్తోందన్న వార్త చూశాను. ఎందుకొచ్చిన గొడవ అని నాలుగు రోజులు ఊరుకున్నాను. నిన్న రాత్రి రెండింటికి మళ్లీ ఆ ఫ్యాక్టరీల వాసన. లేచి కిటికీలు మూశాను, ఇక నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

పటాన్‌చెరుకు శుద్ధి ప్లాంటు కొత్తా? 1994 నుంచీ ఉంది. శుద్ధయి బయటికొచ్చిన నీళ్లనే స్వీడన్ పరిశోధకులు పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలిందని 2007లో లోకమంతా చదివింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. దానికి మనవాళ్లు చేసిన వైద్యం, పైపు వేసి ఆ నీళ్లను హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి పంపడం. మా ఊరి నక్కవాగు రోగం మూసీకి అంటించారు.

మందుల ఫ్యాక్టరీలో కిలో సరుకుకి పాతిక నుంచి వంద కిలోల వ్యర్థం వస్తుందని రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లోనే లెక్క చెప్పాడు. ఆ వందను యాభై ఎలా చేద్దామని అడగాల్సింది పోయి, ఎంత పెద్ద ట్యాంకు కడదామని టెండర్లు పిలుస్తున్నాం.

ఒళ్లు నొప్పులకు వేసుకునే ఐబుప్రొఫెన్‌నే తీసుకోండి. పాత పద్ధతిలో ఆరు దశలు, ముడిసరుకులో నూటికి 40 వంతులే మందులోకి చేరేది. 1992లో టెక్సాస్‌లో దాన్నే మూడు దశల్లో చేయడం మొదలుపెట్టారు, 77 వంతులు మందవుతుంది. అందులో వాడే హైడ్రోజన్ ఫ్లోరైడ్ మహా ప్రమాదం, ఒప్పుకుంటాను. కానీ దాన్ని పట్టి మళ్లీ వాడతారు, వాగులో పొయ్యరు.

వ్యర్థం పుట్టాక కడగడం కాదు, పుట్టకుండానే చూడటం: హరిత రసాయన శాస్త్రమంటే ఇదే. ఇంటర్ ఫస్టియర్‌లో రెండు మార్కుల ప్రశ్నగా ఉండేది. రిటైరయ్యేదాకా పిల్లలతో బట్టీ కొట్టించాను. వాళ్లలో కొందరు ఇప్పుడు ఇక్కడే షిఫ్టు కెమిస్టులు. అడిగితే, "ప్రాసెస్ మార్చాలంటే మళ్లీ అనుమతులు, అదంతా పెద్ద టెన్షన్ సార్. వ్యర్థం ఎత్తుకెళ్లే ట్యాంకరైతే ఒక్క ఫోన్" అంటారు. వాళ్లనేమనను?

నా ఫిర్యాదుకు వచ్చిన అధికారి పట్టపగలు పదకొండింటికి ముక్కు ఎగబీల్చి "వాసనేం లేదే" అన్నాడు. రాత్రి వస్తుందండీ అంటే, రాత్రి తనకు డ్యూటీ లేదట. మా బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకెళ్లాడు. టీ రంగు నీళ్లు, కాసేపాగితే అడుగున పసుపు మడ్డి. ఎనిమిది నెలలైంది. రిపోర్టేదని అడిగితే ఆయన బదిలీ అయ్యారన్నారు. సీసా కూడా ఆయనతోనే బదిలీ అయినట్టుంది. పర్యావరణ దినమని జూన్ 5న మాత్రం ఏటా అదే గుంతలో కొత్త మొక్క నాటుతారు, ఆ ఫొటో మీరూ తప్పకుండా వేస్తారు.

శంకుస్థాపనకొచ్చే పెద్దల్ని మీ విలేకరి చేత ఒక్కటి అడిగించండి: ఇక్కడ కిలో మందుకి ఎన్ని కిలోల వ్యర్థం వస్తోంది, పోయినేటి కన్నా తగ్గిందా? జవాబొస్తే మొదటి పేజీలో వేయండి. మొక్క ఫొటోను లోపలి పేజీలో సర్దుకోవచ్చు.

— ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, పటాన్‌చెరు