ఆర్‌ఎన్‌ఏ పేరుతో అమ్మిన మందుపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,

విషయం: మీ 'బయోఫిల్మ్ నివారిణి' (బాక్టీరియా కట్టే జిగురు పొరని పోగొడుతుందన్న మందు) పనిచేయకపోవడం, లేబుల్ మీద ఆధారం లేని మాటలు.

అయ్యా,

నేను మొగల్తూరు వైపు రొయ్య పిల్లల నర్సరీ ట్యాంకులు చూసుకుంటాను. ఈ సీజన్‌లో మీ డీలర్ దగ్గర కొన్న క్యాన్ మీద, నియంత్రణ ఆర్‌ఎన్‌ఏతో (జన్యువుల పనిని పెంచే, తగ్గించే చిన్న అణువు) విబ్రియో అనే రొయ్యల జబ్బు బాక్టీరియా బయోఫిల్మ్ మాయమవుతుందని రాసి ఉంది. మీరు చెప్పిన డోసే వేశాం. ట్యాంకు లోపలి లైనర్ షీటు మీద, ఎయిర్ పైపుల లోపల జిగురు పొర అలాగే ఉంది. వేలితో గీస్తే సాగుతూ వస్తోంది.

మీ ప్రతినిధి ట్యాంకు నీళ్లతో వేసిన టీసీబీఎస్ ప్లేట్ (విబ్రియోల్ని పెంచి లెక్కించే ప్లేట్) చూపించి, కాలనీలు తగ్గాయి కదా అన్నారు. పొర ఉన్నది గోడకి, నీళ్లలో కాదు. గోడ మీంచి స్వాబ్ (దూదిపుల్లతో తుడిచిన నమూనా) తీసి వేస్తే ప్లేట్ నిండా ఆకుపచ్చ కాలనీలే. ఫొటోలు జతచేశాను.

చిన్న ఆర్‌ఎన్‌ఏలు బయోఫిల్మ్‌ని నడిపిస్తాయన్నది నిజం, చాలా గొప్ప విషయం కూడా. అందుకే మీ లేబుల్ చూస్తే కడుపు మండుతోంది. విబ్రియోల్లో క్యూఆర్‌ఆర్ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏల సంగతి 2004లోనే బయటపడింది. కలరా విబ్రియోలో ఇవి నాలుగు. హెచ్‌ఎఫ్‌క్యూ ప్రోటీన్ సాయంతో హ్యాప్‌ఆర్ అనే ఇంకో ప్రోటీన్ తయారీని ఆపుతాయి. పొరకి బ్రేకు వేసేదే ఆ హ్యాప్‌ఆర్. అంటే అక్కడ ఈ ఆర్‌ఎన్‌ఏ పెరిగితే పొర పెరుగుతుంది! ఈ.కోలై అనే ఇంకో బాక్టీరియాలో మెక్‌ఏఎస్ అనే ఆర్‌ఎన్‌ఏది వేరే తిరకాసు, అది పొరలో ఒక భాగాన్ని (కర్లీ పోగులు) తగ్గిస్తుంది, ఇంకో భాగాన్ని (పీజీఏ జిగురు) పెంచుతుంది. మరి మీ క్యాన్‌లో ఉన్నది ఏది? ఏ జన్యువు మీద పనిచేస్తుంది?

పైగా ఇవన్నీ బాక్టీరియా కణం లోపల తయారై అక్కడే పనిచేసేవి. ఉత్త ఆర్‌ఎన్‌ఏని ట్యాంకులో పోస్తే నీళ్లలోని ఎంజైములు ముక్కలు చేసేస్తాయి, మిగిలింది కణం గోడ దాటి లోపలికి పోలేదు. దాటించడానికి మీరేం కలిపారో లేబుల్ మీద ఒక్క ముక్క లేదు.

మా దగ్గర చిన్న రైతులు మేత, మందులు డీలర్ దగ్గర అప్పు మీద తెచ్చుకుని రొయ్యల పట్టుబడి అయ్యాక కడతారు. పని చేయని మందుకి కూడా వాళ్లు వడ్డీ కట్టాలి.

కాబట్టి ఆ ఆర్‌ఎన్‌ఏ పేరు, గోడ స్వాబ్‌లతో చేసిన ట్రయల్ రిపోర్టు రాతపూర్వకంగా పంపండి. అవి లేకపోతే మా డబ్బు తిరిగిచ్చి, డీలర్ల దగ్గరున్న సరుకు వెనక్కి తీసుకోండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఇట్లు,
నర్సరీ టెక్నీషియన్, మొగల్తూరు మండలం
జతపరచినవి: బిల్లు, క్యాన్ లేబుల్, ప్లేట్ల ఫొటోలు